బిడ్డ పాటకు ముప్పై వేలు ఇస్తామంటున్నారు, సంతకం పెట్టమంటారా?

ప్రశ్న: మాది పరకాల. కిరాణా దుకాణం నడుపుతాను. మా బిడ్డ ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. డిసెంబరుకు పద్దెనిమిది నిండుతాయి. వాళ్ల అమ్మమ్మ దగ్గర పాటలు నేర్చుకుంది, ఇప్పుడు తనే రాసి, ట్యూన్ కట్టి పాడుతోంది. పత్తి ఏరే పాట ఒకటి రాస్తే వాయిద్యాల ట్రాక్‌కు, షూటింగ్‌కు కలిపి నలభై రెండు వేలు పెట్టాను, అందులో ట్రాక్‌దే పెద్ద వాటా. తెలిసిన కెమెరా అబ్బాయి ఛానల్‌లో పెట్టాం. రెండు నెలల్లో మూడు లక్షల వ్యూస్ వచ్చాయి. ఇప్పుడు ఒక పెద్ద ఛానల్ వాళ్లు ఈ పాటకు ముప్పై వేలు, ఐదేళ్ల పాటు రాసే ప్రతి పాటకు పది వేలు ఇస్తామని నాలుగు పేజీల ఇంగ్లిష్ అగ్రిమెంట్ పంపారు. ఈఏపీసెట్ ర్యాంకుకు హైదరాబాద్‌లో ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ వచ్చేలా ఉంది. బిడ్డేమో చదువు వద్దు, పాటలే అంటోంది. చుట్టాలు రేపు సంబంధాలు రావంటున్నారు. రాబోయే బతుకమ్మకు వాళ్ల అమ్మమ్మ పాట ఒకటి రికార్డు చేద్దామనుకుంటున్నాం. పత్తి పాట లింకు, అగ్రిమెంట్ దీంతో పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు:

అన్నా, ముందు ఆ కాగితాల మీద సంతకం పెట్టకండి. చదువు సంగతి, సంబంధాల సంగతి ఒక వారం ఆగినా ఏమీ కాదు. ఛానల్ వాళ్లు మాత్రం 'రేపటిలోగా చెప్పండి' అని ఉంటారు. నా దగ్గరికి ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చిన వాళ్లందరికీ గడువు రేపే.

అసలు వాళ్లు మీ సంతకం ఎందుకు అడుగుతున్నారో ఆలోచించారా? పాట రాసింది మీ బిడ్డ. కానీ ఆమెకు ఇంకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఆమె సంతకం కాంట్రాక్టు చట్టం ముందు చెల్లదు. అందుకని మీతో పెట్టించుకుంటున్నారు. డిసెంబరు దాకా ఆగితే ఆమే చదువుకుని, ఆమే నిర్ణయించుకుంటుంది. ఆ ఆర్నెల్లలో పాట ఎక్కడికీ పోదు.

మీరు పంపిన లింకులో పాట రెండుసార్లు విన్నాను. నిజం చెప్పాలంటే వీడియో నాకు పెద్దగా నచ్చలేదు. పత్తి ఏరే మనిషికి పట్టు లంగా ఓణీ ఎందుకు కట్టించారో అర్థం కాలేదు. గొంతు బాగుంది. అయితే బాగున్న గొంతులు మన దగ్గర ఊరికి నాలుగుంటాయి. నన్ను ఆపింది రెండో చరణం:

'ఒడిల పత్తి బరువు అవ్వకే ఎరుక
కాంటా మీద బరువు సేటుకే ఎరుక'

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తరుగు పేరుతో కిలోలు కోసేయడం చూసిన ఎవరికైనా ఈ రెండు లైన్లు చాలు. ఇది పదిహేడేళ్ల పిల్ల రాసింది. ఆ ఛానల్ వాళ్లు ముప్పై వేలు పెట్టి కొంటున్నది గొంతును కాదన్నా, ఇలాంటి లైన్లను. పాడేవాళ్లు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంటారు. ఈ ఒక్క పాట వాళ్లకు ముఖ్యం కాదు. ఐదేళ్లలో ఈ పిల్ల రాయబోయేదంతా పది వేల చొప్పున కట్టగట్టి కావాలి. చదువు ఏదైనా మీ బిడ్డ బతుకుదెరువు ఆ లైన్ల మీదే నిలబడేలా ఉంది కాబట్టే, ముందు కాగితం గురించి చెబుతున్నాను.

నాలుగేళ్ల కింద ములుగు వైపు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. కూర్చోగానే ఫోన్ తీసి ఒక పాట పెట్టాడు. నాకూ తెలిసిన పాటే, ఆ ఏడాది ఏ పెళ్లికి పోయినా మోగింది. 'ఇది నాది సార్' అన్నాడు. వీడియో కింద చూస్తే పాడినామె పేరుంది, కొరియోగ్రాఫర్ పేరుంది, డ్రోన్ నడిపిన వాడి పేరు కూడా ఉంది. రాసినవాడి పేరు దగ్గర ఛానల్ పేరు ఉంది. పరీక్ష ఫీజుకు ఐదు వేలు తక్కువై ఇచ్చేశాడట. ఒక బరాత్‌లో తాగినవాళ్లంతా తన పాటకు ఊగుతుంటే, డీజే వాడి దగ్గరికి పోయి ఇది నేను రాసిందే అన్నాడట. 'అయితే నేను బాలసుబ్రహ్మణ్యాన్ని' అన్నాడట వాడు.

చట్టం ఆ పిల్లవాణ్ని పూర్తిగా వదిలేయలేదు. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్మేసుకున్నా, ఇది నేను రాసిందని చెప్పుకునే హక్కు రాసినవాడికే ఉంటుంది. కానీ రాసినట్టు అతని చేతిలో ఒక్క రుజువు లేదు. పాట రాసుకున్న ఫోన్ పగిలిపోయింది. వాట్సాప్ కొత్త ఫోన్‌లో మొదటి నుంచి మొదలైంది. రాసింది కాగితం మీద కూడా కాదు.

ఇప్పుడు మీ అగ్రిమెంట్. రెండో పేజీలో 'పర్పెచ్యువల్', 'ఇర్రివొకబుల్', 'వరల్డ్‌వైడ్' అని మూడు మాటలున్నాయి. ఎల్లకాలం, వెనక్కి తీసుకోవడానికి లేకుండా, ప్రపంచమంతటా అని వాటి అర్థం. ఊరికే రాసిన మాటలు కావివి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే అనీ, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే అనీ చట్టమే లెక్క వేస్తుంది. ఆ రక్షణ మీకు దక్కకుండా ఉండేందుకే ఆ మూడు మాటలు. మూడో పేజీలో ఇంకొకటి ఉంది, ఐదేళ్ల పాటు ఆమె ఇంకెక్కడా పాడకూడదు, సొంత ఛానల్ పెట్టకూడదు అని. అంటే రేపు తన పాట తనే ఇంట్లో కూర్చుని పాడి పెట్టుకున్నా దాని మీద కాపీరైట్ క్లెయిమ్ వేస్తారు.

ఒక పాటలో మూడు ఆస్తులున్నాయని మన వైపు చాలామందికి తెలియదు. పాట మాటలు ఒకటి. ట్యూన్ రెండోది. స్టూడియోలో చేసిన రికార్డింగ్ మూడోది. మాటలు, ట్యూన్ మీ బిడ్డవి. రికార్డింగ్ మాత్రం దాన్ని తలపెట్టి, బాధ్యత తీసుకుని చేయించినవాళ్లది, అంటే మీది. నలభై రెండు వేలు పెట్టినప్పుడే మీరు ప్రొడ్యూసర్ అయ్యారన్నా, దుకాణంలో కూర్చున్నారు కాబట్టి తెలియలేదంతే. ముప్పై వేలకు వాళ్లు ఈ మూడూ అడుగుతున్నారు. అంటే మీ పెట్టుబడిలో పన్నెండు వేలు పోగొట్టుకుని, పాట కూడా ఇచ్చేయడం.

ట్రాక్ చేసిన ప్రోగ్రామర్‌తో ఒక చిన్న కాగితం రాయించుకోండి. ట్యూన్ అమ్మాయిది, వాయిద్యాల ప్రోగ్రామింగ్ నాది, డబ్బు ముట్టింది అని నాలుగు లైన్లు చాలు. వీడియో పది లక్షలు దాటాక ట్యూన్ ఎవరిదన్న గొడవ మొదలవుతుంది. ముందే రాసుకుంటే అది రాదు.

ఛానల్ విషయంలో మీరు చేసిన పొరపాటు ఇంకొకటి ఉంది. పాట కెమెరా అబ్బాయి ఛానల్‌లో ఉంది. మంచివాడే అయి ఉండొచ్చు. కానీ ఆ జీమెయిల్ అతనిది, యాడ్స్ మీద వచ్చే డబ్బు అతని ఖాతాలో పడుతుంది, సబ్‌స్క్రైబర్లు అతనివాళ్లు. వచ్చే పాట నుంచి బిడ్డ పేరుతో ఛానల్ తెరవండి. పద్దెనిమిది నిండేవరకు డబ్బు వచ్చే ఖాతా మీ పేరు మీద పెట్టాలి. యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బు మొదలవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ మీదైతే 90 రోజుల్లో కోటి వ్యూస్. పూర్తి నిడివి వీడియోల యాడ్స్ ఆదాయంలో 55 శాతం ఛానల్‌కు ఇస్తారు. పాస్‌వర్డ్ కెమెరా అబ్బాయికి ఇవ్వకండి, మేనల్లుడికి కూడా.

ఆడియోను, పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్పాటిఫై, జియోసావన్ లాంటి వాటిలో పెట్టవచ్చు. మొదట్లో దాని మీద ఆశ పెట్టుకోకండి. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో వెయ్యిసార్లయినా వినకపోతే ఆ పాటకు పైసా రాదు. పెట్టడం మాత్రం పెట్టాలి, ఎందుకంటే అక్కడ రాసినవారి పేరు, తేదీ నమోదవుతాయి.

డబ్బు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి బరాత్ సంగతి చెబుతాను, ఎవరూ చెప్పరు. పెళ్లి ఊరేగింపులో, పెళ్లి వేడుకల్లో పాట పెట్టుకుంటే రాయల్టీ కట్టాల్సిన పని లేదని చట్టంలోనే మినహాయింపు ఉంది. మన జానపద పాట ఎక్కువగా మోగేది అక్కడే. అంటే ఉత్తర తెలంగాణ అంతా మీ బిడ్డ పాటకు ఎగిరినా ఆ ఎగురుడు మీద రూపాయి రాదు. రేడియోలో, హోటళ్లలో, టికెట్ పెట్టిన కార్యక్రమాల్లో, ఆన్‌లైన్ యాప్‌లలో మోగితే రావాలి. ఆ రాయల్టీ వసూలు చేసి రచయితలకు, సంగీతకర్తలకు పంచడానికి ఐపీఆర్ఎస్ అనే సంఘం 1969 నుంచి ఉంది. 2012లో చట్టం మార్చాక పాట హక్కులు ఇంకొకరికి రాసిచ్చినా రాయల్టీలో సమాన వాటా రాసినవారికి, ట్యూన్ కట్టినవారికి ఉండి తీరాలి. పది వేలు తీసుకున్నావు కదా, ఇంకేమీ అడగొద్దు అనే కాగితం ఆ విషయంలో నిలవదు. కానీ నిలవదని కోర్టులో తేల్చుకునే ఓపిక పరకాలలో దుకాణం నడుపుకునే మీకెక్కడిది? అందుకే పెట్టకముందే ఆపమంటున్నాను.

ఛానల్ వాళ్లను పూర్తిగా కాదనమని కాదు. వాళ్లకు లక్షల మంది చూసేవాళ్లున్నారు, మీ బిడ్డకు అది పనికొస్తుంది. వాళ్లతో ఇలా మాట్లాడండి. 'ఈ ఒక్క పాట, మీ యూట్యూబ్‌లో మాత్రమే, రెండేళ్లకు లైసెన్స్ ఇస్తాం, అంటే వాడుకునే అనుమతి మాత్రమే. వీడియో పేరులోనే రచన, ట్యూన్, గానం అని మా బిడ్డ పేరు ఉండాలి. ఆడియో యాప్‌ల హక్కు, రాబోయే పాటలు మావే.' దీనికి వాళ్లు ఇరవై వేలే ఇస్తామని చెప్పినా, ఆ ముప్పై వేల కన్నా ఇది మంచి బేరం. వాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో ఛానల్ అడుగుతుంది. కరీంనగర్, జగిత్యాల, హనుమకొండ చుట్టుపక్కల వారానికి ఎన్ని జానపద పాటలు షూటింగ్ అవుతున్నాయో మీకూ తెలుసు. అన్నిటికీ పాడేవాళ్లు దొరుకుతున్నారు కానీ రాసేవాళ్లు దొరకడం లేదని ఆ ఛానళ్ల వాళ్లే నాతో మొత్తుకుంటారు.

ఇక ఈ బతుకు ఎలా ఉంటుందో చెబుతాను, బిడ్డతో కలిసి చదవండి.

సంవత్సరమంతా సమానంగా ఉండదు. వినాయక చవితి నుంచి సద్దుల బతుకమ్మ దాకా ఒక ఊపు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న, మాఘంలో రెండేళ్లకోసారి మేడారం, ఎండాకాలం పెళ్లిళ్లు. జూన్ నుంచి ఆగస్టు దాకా చాలామందికి ఖాళీ, ఆ నెలల్లోనే రాసుకోవాలి. ఎన్నికలొస్తే రాత్రికి రాత్రి పాట కావాలంటారు. సర్పంచ్ ఎన్నికలప్పుడైతే ఒకే ఊళ్లో ఇద్దరు అభ్యర్థులూ ఒకరితోనే రాయించుకున్న సంగతి నాకు తెలుసు. పైసలు బాగానే ఇస్తారు. ఓడినవాడి దగ్గర మాత్రం బాకీ రాదు, కాబట్టి డబ్బంతా ముందే తీసుకోవాలి. ఇవి కాక దుకాణం ఓపెనింగ్ పాట, పుట్టినరోజు పాట, చనిపోయినవాళ్ల యాదిలో దినాలకు రాయించుకునే పాట. ఈ చివరిది బయటివాళ్లకు వింతగా ఉంటుంది. మన వైపు ఎంతోమంది పాటగాళ్ల ఇల్లు గడుస్తున్నది దీని మీదే. పోయినాయన పేరు, ఊరు, పిల్లల పేర్లు ఫోన్‌లో పంపుతారు, రెండు రోజుల్లో పాట కావాలి. ఫోన్‌లో పాట కట్టిచ్చే ఏఐ యాప్‌లు వచ్చాక ఈ పనుల్లో కొన్ని తగ్గుతాయి. తగ్గుతున్నాయి కూడా.

రాత్రి కార్యక్రమాలకు పంపేటప్పుడు అన్ననో, మీరో తోడు ఉండండి. డీజే బాక్సుల పక్కన నిలబడి మూడు గంటలు అరిస్తే పదిహేడేళ్ల గొంతు రెండు సీజన్లు కూడా ఆగదు. తన గొంతు తనకు వినిపించే మానిటర్ స్పీకర్ ఇస్తేనే పాడతాం అని ముందే చెప్పండి. వీడియో కింద కామెంట్లు తల్లిని చదవనీయకండి. బూతు మాటలు కనిపించకుండా యూట్యూబ్ సెట్టింగ్‌లో ఆపవచ్చు, ఆ పని తమ్ముడికి అప్పగించండి.

చదువు. చదువు మానేయడం తప్పు. హైదరాబాద్ హాస్టల్‌లో పెట్టి ఇష్టం లేని సీఎస్ఈ చదివించడం కూడా తప్పే. మీకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2023లో ఆస్కార్ అందుకున్న చంద్రబోస్‌ది చల్లగరిగ, చిట్యాల మండలం, మీ పరకాలకు పొరుగే. ఆయన జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ పూర్తి చేశారు. సినిమాలకు వెళ్లకముందు సుద్దాల అశోక్ తేజ బడిపంతులు. మంచిర్యాల వైపు లింగాపురంలో పుట్టిన పాటల కవి గూడ అంజయ్య ఫార్మసిస్టు. వాళ్ల పాటకు చదువు, ఉద్యోగం అడ్డు రాలేదు. బియ్యం తెచ్చుకోవడానికి పాట అమ్మాల్సిన అవసరం వాళ్లకు తప్పింది. ములుగు కుర్రాడికి తక్కువైనవి ఆ ఐదు వేలే.

నన్నడిగితే హనుమకొండలోనే ఉండి చదవమంటాను. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ దరఖాస్తు దోస్త్‌లో పింగిళి మహిళా కళాశాల లాంటి ప్రభుత్వ కాలేజీలు పెట్టుకోండి. తెలుగు సాహిత్యం ఉన్న బీఏ తీసుకోవచ్చు, లేదా లెక్కలు బాగా వస్తే బీకాం. సొంతంగా పాటలు చేసుకునేవాళ్లకు జీఎస్టీ, ఖాతా పుస్తకం తెలిసి ఉండటం ఎంత లాభమో మీ దుకాణంలో చూసే ఉంటుంది. ఆమెకు నిజంగా కంప్యూటర్ మీద ఇష్టముంటే వరంగల్‌లోనూ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి, మీ బావమరిది నోటి నుంచి కాదు.

కాలేజీ పక్కనే నేర్చుకునేవి ఉన్నాయి. వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో గాత్రం సర్టిఫికెట్ కోర్సు చేయవచ్చు. శ్రుతి, తాళం స్థిరపడతాయి. ఒక్క జాగ్రత్త. అమ్మమ్మ దగ్గర వచ్చిన ఆ గరుకును సాపు చేసుకోవద్దని చెప్పండి. అక్కడ చేరి మూడేళ్లకు అందరిలాగే పాడటం మొదలుపెట్టిన పిల్లలను చూశాను. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం కూడా వరంగల్‌లోనే ఉంది, ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ఆకాశవాణి వరంగల్ కేంద్రం ఆడిషన్ ప్రకటన వచ్చినప్పుడు జానపదం కింద దరఖాస్తు చేయించండి. పాసైతే గ్రేడ్ ఇస్తారు. ఆ గ్రేడ్‌కు ఛానళ్లు విలువ ఇవ్వకపోయినా బడులు, ప్రభుత్వ కార్యక్రమాలు ఇస్తాయి. వీటన్నిటికన్నా ముందు ఒక పాత ల్యాప్‌టాప్ కొనిచ్చి ట్రాక్ ప్రోగ్రామింగ్ నేర్పించండి. పాటకు పెట్టిన ఖర్చులో ట్రాక్‌ది పెద్ద వాటా అని మీరే రాశారు కదా.

సంబంధాల గురించి ఎక్కువ చెప్పను. పాట పాడినందుకు వద్దనే ఇంటికి మీరు మాత్రం ఇస్తారా?

ఇంకొక్క మాట. రాబోయే బతుకమ్మకు అమ్మమ్మ పాట ఒకటి రికార్డు చేస్తామని రాశారు. అది ఆమె రాసింది కాదు, వాళ్ల అమ్మ పాడింది, అంతకుముందు ఎవరో పాడింది. దానికి రచన అని బిడ్డ పేరు వేయొద్దు. 'సేకరణ' అని రాసి అమ్మమ్మ పేరు, ఊరి పేరు వేయండి. కొత్తగా కలిపిన చరణాలుంటే అవి ఏవో విడిగా రాయండి. ఇప్పుడు జానపదంలో తగాదాలన్నీ ఇక్కడే వస్తున్నాయి. ఊరందరి పాట ఒకరి ఛానల్‌లో ఎక్కాక మిగతా వాళ్లు పాడుకుంటే వీడియో ఆపేస్తున్నారు.

వచ్చే ఆదివారం బిడ్డను తీసుకుని హనుమకొండ రండి. నాలుగు పేజీలూ పట్టుకురండి, ఒక లాయర్ మిత్రుణ్ని కూర్చోబెడతాను. పాటలు రాసుకునే నోటుబుక్కు కూడా కావాలి. ఈ లోపు ఒక పని చేయించండి. ప్రతి పాట కింద రాసిన తేదీ వేసి, పేజీ ఫొటో తీసి, తన జీమెయిల్ నుంచి తనకే పంపుకోమనండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ పత్తి పాటకు చేయిద్దాం. మాటలకు ఐదు వందలు, ట్యూన్‌కు ఐదు వందలు ఫీజు. అమ్మమ్మకు ఓపిక ఉంటే ఆమెను కూడా తీసుకురండి, ఆ 'ఒడిల పత్తి' లైను ఎవరిదో నేను ఆమెను అడగాలి.